బొమ్మ బెల్టు

చచ్చినవాడి సామాను అమ్ముకుంటే పాపం చేతికంటుకుంటుందని హౌసాబాయి నమ్మదు. కొనేవాళ్ళు నమ్ముతారు. వ్యాపారంలో లెక్కకొచ్చేది కొనేవాడి నమ్మకమే కాబట్టి, మనిషి పోయిన బండి ఏదైనా తన యార్డులోకి వస్తే ముందుగా స్టీరింగు తొడుగూ, సీటు బెల్టూ కోయించి పక్కన పెట్టిస్తుంది. పోయినవాడు చివరగా పట్టుకున్నది ఒకటి, చివరగా వాడిని పట్టుకున్నది ఒకటి. ఆ రెంటినీ గుడ్డలో చుట్టి, ఏకాదశి నాడు ఆళందీ తీసుకెళ్ళి ఇంద్రాయణి నదిలో వదలడం, యార్డులో గ్యాసు మంటతో బండ్లు కోసే కోతగాడు ధోండీబా పని. ఆ తరవాత తలుపు కొనడానికొచ్చినవాడో, ఇంజను కొనడానికొచ్చినవాడో "దీంట్లో ఎవరన్నా పోయారా" అనడిగితే హౌసాబాయి తడుముకోకుండా, "పోయారు. వాళ్ళవి వాళ్ళకి పంపించేశాం" అంటుంది. పుణే పక్కన భోసరీ నుంచి చాకణ్ దాకా పాత బండ్ల బజారులో ఆ మాట అనగలిగే యార్డు ఇంకొకటి లేదు. పేరు ఊరికే రాదు. దానికీ ఖర్చుంటుంది, రాబడీ ఉంటుంది.

తెల్ల టాక్సీ యార్డులోకి వచ్చిన పూట ఆమె ఫోనులో షోలాపూర్ వాడితో గేరుబాక్సుల బేరంలో ఉంది. టాక్సీ మూతి లోపలికి పోయింది. డ్రైవరు తలుపు ముందే ఎవరో ఊడబీకారు. ధోండీబా నడుం వంచి లోపలికి దూరి, చాలాసేపు పట్టాల్సిన పని చిటికెలో ముగించుకుని బయటికొచ్చాడు. బెల్టు పై కొస కోసేసరికి కింది కొస బోల్టుతో సహా అతని వెంటే వచ్చింది. ఆ బోల్టు ఊగి తలుపు చట్రానికి టక్కున తగిలింది.

"పానాతో పనే పడలేదక్కా. దానంతటదే ఊడొచ్చింది" అన్నాడు.

హౌసాబాయి ఫోనుకి చెయ్యడ్డం పెట్టి, పక్కన పెట్టెయ్యమని సైగ చేసింది. బెల్టు ఎంత పొడుగున వేలాడుతోందో, దాని కొసన ఏముందో ఆమె చూసింది. చూడటం వేరు, తూచడం వేరు. ఆ క్షణాన ఆమె తూస్తున్నది గేరుబాక్సులు.

ఆ టాక్సీ పక్కనే సరిగ్గా అలాంటిదే ఇంకో తెల్ల బండి ఉంది. అదే కంపెనీది, అదే రకం. అయితే అది రోడ్డెక్కనే లేదు. కంపెనీవాళ్ళు తమ షెడ్డులోనే దాన్ని గోడకేసి కొట్టారు. బజారులో ఆ షెడ్డుని గుద్దుడు షెడ్డు అంటారు. అక్కడ బండిలో మనిషంత బొమ్మల్ని కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, ఎక్కడ తగిలిందో తెలియడానికి వాటి మొహాలకి రంగులు పూసి, తాడుతో లాగి గోడకి గుద్దిస్తారు. బండి తలుపుల మీద పసుపూ నలుపూ గుర్తులు ఇంకా అంటుకునే ఉన్నాయి. స్టీరింగులోంచి ఉబ్బి చప్పబడిన గాలి సంచీ మీద నీలం చెంప ముద్ర, బెల్టు మీద నీలం గడ్డం ముద్ర. పరీక్ష అయిపోయిన బండ్లని కంపెనీ హౌసాబాయికే ఇస్తుంది. షరతు ఒక్కటే: ముక్కలు ముక్కలుగా కోసి ఇనుముగా అమ్మాలి తప్ప ఏ భాగమూ భాగంగా అమ్మకూడదు. ఎన్నో ఏళ్ళుగా యార్డుకి తిండి పెడుతున్నది ఆ షెడ్డే. ఈ నెలతో ఒప్పందం ముగుస్తోంది. పొడిగించాలో వద్దో తేల్చేది కంపెనీలో సబ్నిస్ అనే సాహెబు.

కోతగాళ్ళకి ఆ బొమ్మలంటే అసూయ. ఒక్కో బొమ్మ ఖరీదు బండి ఖరీదుకన్నా ఎక్కువని విన్నప్పటి నుంచీ మరీను. దెబ్బ తగిలితే వాటిని ప్రత్యేకంగా బాగుచేయించే మనుషులున్నారట. బెల్టు లేకుండా బండి ఎక్కనివ్వరట. "మా అల్లుడిని కూడా అక్కడ చేర్పించక్కా. బెల్టన్నా పెట్టుకుంటాడు" అంటాడు ధోండీబా. అతను ఏటా కాలినడకన పంఢరీపురం వెళ్ళి వచ్చే మనిషి. మెడలో తులసిపూసలు, నోట్లో ఎప్పుడూ 'మావులీ' అనే మాట. విఠ్ఠలుణ్ణి నమ్మినవాళ్ళు ఎదుటిమనిషిని తల్లీ అని పిలిచే పిలుపు అది. గ్యాసు సిలిండర్లు తెచ్చేవాడూ అతనికి మావులీనే, పోలీసూ మావులీనే, కట్టేసిన కుక్కా మావులీనే.

ఏకాదశి నాడు ధోండీబా తెల్లారకముందే వెళ్ళిపోయాడు. యార్డు తెరిచేసరికి గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచీ. పేరు శేవంతా అని చెప్పింది. తెల్ల టాక్సీ నడిపిన దత్తోబా పెళ్ళాం. పన్నెండో రోజు నిన్ననే అయిందట. కర్మాగారం క్యాంటీనులో జొన్నరొట్టెలు కొడుతుంది. వేళ్ళ కొసలు రొట్టె పెనం అంచుల్లా గట్టిపడి ఉన్నాయి.

ఇలా వచ్చేవాళ్ళు దేనికొస్తారో హౌసాబాయికి తెలుసు. టిఫిను డబ్బానో, అద్దానికి కట్టిన దేవుడి బొమ్మనో అడుగుతారు. అలాంటివన్నీ ఆమె ఒక పెట్టెలో వేసి ఉంచుతుంది. ఊరికే ఇచ్చేస్తుంది. పెట్టె మూత తీయబోయింది.

"అవేవీ వద్దక్కా" అంది శేవంతా. "బెల్టు చూపించు చాలు."

హౌసాబాయి మూత మీద చెయ్యి అలాగే ఉంచింది.

శేవంతా సంచీలోంచి తెల్ల చొక్కాలు తీసి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. డ్రైవరు యూనిఫారం చొక్కాలు. అన్నిటికీ కుడి భుజం నుంచి ఎడమ నడుం దాకా ఏటవాలుగా ఒక బూడిదరంగు చార ఉంది. పోలీసులు బెల్టు పెట్టుకోలేదని రాశారని చెప్పింది. టాక్సీ ఓనరుకి కంపెనీ వేరే బండి ఇస్తానందట, అతనూ తలూపాడట. బెల్టు పెట్టుకుని ఉంటే బతికేవాడని, మా పరీక్షలో బొమ్మకి గీత కూడా పడలేదని కంపెనీ జవాబిచ్చిందట. అత్తగారు కూడా వచ్చినవాళ్ళందరికీ కొడుకు పొగరే కొడుకుని మింగిందని చెప్పి ఏడుస్తోందట. నష్టపరిహారం మాట అటుంచి, తప్పు వాడిదే అన్న మాట ఇంట్లో కూర్చుని అన్నం తింటోందట.

"పెళ్ళైన కాణ్ణుంచీ ఈ మరకతోనే నా గొడవ" అంది శేవంతా. గోటితో చారని గీకింది. "సబ్బుతో రుద్దాను, సోడాలో ఉడకబెట్టాను. ఇవాళ పోతే రేపు మళ్ళీ ఉండేది. బెల్టు తుడుచుకోవయ్యా అంటే నవ్వేవాడు. పెట్టుకోనోడి చొక్కాకి ఇదెట్లా వస్తుందక్కా?"

"కోర్టులో చూపించావా?"

"వకీలుకి చూపించా. రోజూ పెట్టుకుంటాడనడానికి పనికొస్తుంది గానీ ఆ రోజు పెట్టుకున్నాడనడానికి పనికిరాదన్నాడు. మా వకీలే అన్నాడు. ఆ రోజు చొక్కా ఆస్పత్రిలో కత్తిరించి పారేశారు." ఆమె చొక్కాలు మడవడం మొదలుపెట్టింది. "బండిలో బెల్టు ఎట్లా ఉందో చూసి రమ్మన్నాడు."

హౌసాబాయికి అప్పుడు లోపల టక్కుమంది. తలుపు చట్రానికి బోల్టు తగిలిన టక్కు. గుద్దుడు షెడ్డు నుంచి వచ్చిన బండ్లు ఎన్నింటినో ఆమె కోయించింది. గుద్దిన క్షణంలో బెల్టు ఎలా ఉంటే అలాగే బిగుసుకుపోతుంది. ఒంటి మీద ఉన్న బెల్టు పొడుగ్గా వేలాడుతూ మిగులుతుంది, మళ్ళీ లోపలికి పోదు. పెట్టుకోని బెల్టయితే తలుపు పక్క స్తంభానికి బల్లిలా కరుచుకుని ఉంటుంది, లాగినా రాదు. దత్తోబా బెల్టు వేలాడింది. నేలదాకా వేలాడింది.

ఆమె ధోండీబా ఫోనుకి చేసింది. అది షెడ్డులోనే, మేకుకి తగిలించిన అతని పని చొక్కా జేబులో మోగింది.

టెంపో తీయించి, శేవంతాని పక్కన కూర్చోబెట్టుకుని ఆళందీ వెళ్ళింది. దారంతా లారీలవాళ్ళని తిట్టింది. ఘాట్ దగ్గర వాళ్ళు దిగేసరికి ధోండీబా తడిబట్టలతో మెట్లెక్కి వస్తున్నాడు. నుదుట విఠ్ఠలుడి నల్లబుక్కా బొట్టు, చేతిలో ప్రసాదం, మొహంలో తన పని తాను పూర్తిచేసిన మనిషి చల్లదనం. యజమానురాలిని అక్కడ చూసి మురిసిపోయాడు. పక్కనున్నది ఎవరో తెలియగానే మొహం ఇంకా మెత్తబడింది.

"వదిలేశాను మావులీ" అని ప్రసాదం శేవంతా చేతిలో పెట్టాడు. "ఇనప బోల్టుంది కదా, వదలగానే మునిగింది. మీ ఆయన నిశ్చింతగా వెళ్ళాడు."

నది మీద కర్మాగారాల నురుగు మడ్డిగా, తెల్లగా పేరుకుని ఉంది. విషయం చెప్పాక ధోండీబా మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. ఇద్దరు పడవవాళ్ళు దిగారు. మెడ దాకా నురుగులో కాళ్ళతో బురద కెలికారు. విరిగిన గాజులు దొరికాయి, కుండ పెంకులు దొరికాయి, ఎవరిదో చెప్పు దొరికింది.

శేవంతా ఏడవలేదు. ప్రసాదాన్ని కొంగున ముడేసుకుంది. "బెల్టు ఆయన్ని పట్టుకోలేకపోయింది. మీరు బెల్టునన్నా పట్టుకోలేకపోయారు" అంది. తిట్టు అంతవరకే. హౌసాబాయి జీవితంలో తిన్న తిట్లన్నీ ఒక పళ్ళెంలో వేసి, ఇది రెండో పళ్ళెంలో వేస్తే ఇదే కిందికి దిగేది.

యార్డుకి తిరిగొచ్చాక హౌసాబాయి చీర దోపుకుని తెల్ల టాక్సీలోకి తనే దూరింది. సీటు కింద తివాచీ పట్టుకుని లాగింది. బోల్టు ఉండాల్సిన చోట కన్నం ఉంది. కన్నం చుట్టూ రేకు నాలుగు పాయలుగా చీలి పైకి లేచి ఉంది. బండిని ఎత్తేటప్పుడు కింద గొలుసు తగిలి చిరిగితే ఇలా ఉండదు. పైనుంచి, లోపలినుంచి, ఏదో బరువు ఒక్కసారిగా లాగితేనే రేకు ఇలా నోరు తెరుస్తుంది. ఆ బరువుకి పేరుంది, పెళ్ళాం ఉంది, మరకలు పడ్డ చొక్కాలున్నాయి.

"ఆ పక్కదాన్ని పడుకోబెట్టు" అంది.

క్రేనుతో షెడ్డు బండిని పక్కకి వాల్చారు. ధోండీబా తడిగుడ్డతో దాని పొట్ట తుడిచాడు. బొమ్మ బెల్టు బోల్టు చెక్కుచెదరలేదు. దాని అడుగున అరచేయంత మందపాటి ఇనప పలక, నాలుగు మూలలా అతుకు వేసి ఉంది. అతను టాక్సీ కిందికి పాక్కుంటూ వెళ్ళి, కన్నం చుట్టూ బొటనవేలితో తడిమి, మళ్ళీ బయటికొచ్చాడు. పలక ఊడిపోయిన గుర్తు లేదు. అతుకు వేసిన గుర్తే లేదు. ఫ్యాక్టరీ రంగు సాఫుగా ఉంది.

చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "బొమ్మకి పలక వేశారక్కా" అన్నాడు. "మనిషికి వెయ్యలేదు."

పక్క సీటు కింద కూడా ఉన్న అలాంటి పలకనే ఒకటి కోసి ఇమ్మంది హౌసాబాయి. ఇంకా వేడిగా ఉన్నదాన్ని కొంగుతో పట్టుకుని అరచేతిలో ఎగరేసింది. ఏ ఇనుమైనా అరచేతిలో పెడితే ఆమెకి ధర తెలిసిపోతుంది. దీన్ని చిత్తుగా అమ్మితే ఒక కప్పు టీ రాదు. కప్పు టీ మిగుల్చుకోవడానికి వీళ్ళు పలక మానేశారు. తను వ్యాపారస్తురాలు. మిగుల్చుకోవడం ఆమెకి తప్పుగా కనిపించదు. తూకంలో వేలు పెట్టేవాణ్ణి చూసింది, తుప్పుకి రంగేసి కొత్తదని అమ్మేవాణ్ణి చూసింది, వాళ్ళతో కలిసి భోజనం చేసింది. అయితే నాసిరకం సరుకు అమ్మి, కొన్నవాడు చస్తే, చావడం వాడి తప్పని రాయించేవాణ్ణి ఇదివరకు చూడలేదు. ఆ కోపంలో ఆమెకి చెయ్యి కాలుతున్న సంగతి కూడా కాసేపు తెలియలేదు.

హౌసాబాయి శేవంతా తరఫు వకీలుని పిలిపించి, బండి నంబరు కనబడేలా ఫోటోలు తీయించి, ఆయన ఎదుటే రెండు బండ్ల నుంచీ బోల్టు దిగే ఆ నేలముక్కలు కోయించింది. కన్నమున్నది ఒకటి, పలకున్నది ఒకటి. టాక్సీలో తివాచీ మళ్ళీ యథాప్రకారం పరిపించింది. వకీలు సంతోషించాడు గానీ పూర్తిగా కాదు. కన్నం తరవాత పడిందంటారు, క్రేనువాడు చేశాడంటారు, బెల్టు లేకుండా కన్నం ఒక్కటే నిలబడదన్నాడు. ఇలాగే బోల్టు ఊడిన ఇంకో బండి, బెల్టుతో సహా దొరికితే అప్పుడు మాట వేరని చెప్పి వెళ్ళాడు. అలాంటి బండి ఎక్కడుందో ఆయనకీ తెలియదు.

మర్నాడు సబ్నిస్ వచ్చాడు. మంచి మనిషిలా మాట్లాడతాడు. హౌసాబాయి మోకాలి నొప్పి గురించి అడిగాడు, వేలు ముంచి చూసినట్టు టీ కొంచెం తాగాడు, గేటు దగ్గరి కుక్కని నిమిరాడు. షెడ్డు బండ్ల ఒప్పందం మళ్ళీ ఆమెకే ఇస్తున్నామన్నాడు. తరవాత, గుర్తొచ్చినట్టుగా, ఆ తెల్ల టాక్సీని ఈ వారంలోనే యంత్రంలో పెట్టి నొక్కించేస్తే బాగుంటుందన్నాడు. తమ బండి అలా బజారున పడి ఉంటే చూసేవాళ్ళకి బాగుండదట.

హౌసాబాయి అతన్ని తూచింది. ఫ్యాక్టరీలో తీసేసిన తలుపులు కూడా నాకే కావాలంది. సరే అన్నాడు. రవాణా కూడా మీదేనంది. సరే అన్నాడు. ముప్పై ఏళ్ళుగా బజారులో కూర్చున్న మనిషికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. బేరమాడనివాడు సరుకు కొనడం లేదు, నోరు కొంటున్నాడు.

"బెల్టు గిల్టు లాంటివి విడిగా ఏమైనా తీశారా?" అని కప్పులోకి చూస్తూ అడిగాడు సబ్నిస్.

హౌసాబాయి ధోండీబా వైపు చూసింది.

"ఇంద్రాయణిలో కలిపేశాను మావులీ" అన్నాడు ధోండీబా.

సబ్నిస్ భుజాలు దిగాయి. సగం మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఎందుకు కలిపారో, ఎలా కలుపుతారో, వదలగానే ఎలా మునిగిందో అడిగి అడిగి చెప్పించుకున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇది కదా మన సంస్కృతి, పట్నం వాళ్ళకి ఇవేవీ తెలియవన్నాడు. ఫోను పట్టుకుని గేటు బయటికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి, వెలుగుతున్న మొహంతో తిరిగొచ్చాడు.

"హౌసాతాయీ, ఒక ఆలోచన వచ్చింది. ప్రమాదాల్లో మనుషులు పోయిన మా బండ్లన్నీ ఇక్కడికే వచ్చేలా చూస్తాం. వాటన్నిటికీ మీరీ ఆచారం జరిపించండి. పూలు, పంతులు, టెంపో అంతా మా వైపు నుంచే. ఒక ఫోటోగ్రాఫర్ని కూడా పంపుతాం. పోయినవాళ్ళ ఆత్మకి కంపెనీ తరఫున చిన్న సేవ."

హౌసాబాయి ఖాళీ కప్పుని తన వైపుకి లాక్కుంది.

"ఇట్లాంటివి చాలా ఉన్నాయా సాహెబ్?" అని అడిగింది హౌసాబాయి.

"రోడ్డు మీదికి వచ్చాక బండ్లన్నాక..." అని ఆగాడు. "ఉన్నాయి, కొన్ని."

ఆ 'కొన్ని' దగ్గర ధోండీబా వేళ్ళు తులసిపూసల మీద ఆగిపోయాయి. తను చిన్నప్పటినుంచీ నమ్మినదాన్ని ఒకడు వచ్చి, ధర కట్టి, మూటగట్టుకుని పోతున్నాడని అతనికి అప్పుడే అర్థమైంది. హౌసాబాయికి మాత్రం కోపం మండి మండి చల్లబడి, గట్టి ఇనుములా చేతికందింది. నిన్న వకీలు అడిగిన బండ్లు. వీడే తెచ్చి గేటు దగ్గర దింపుతానంటున్నాడు.

"పంపించండి" అంది. "అన్నీ నాకే పంపించండి. ఒక్కటి కూడా ఇంకెక్కడికీ పోనివ్వకండి."

తెల్ల టాక్సీని అతని కళ్ళముందే నొక్కుడు యంత్రంలో పెట్టించింది. తివాచీ, సీట్లు, కప్పు అన్నీ కలిసి పెట్టెంత అయ్యాయి. సబ్నిస్ తృప్తిగా లేచాడు. వెళ్తూ వెళ్తూ ధోండీబాకి దణ్ణం పెట్టాడు. ధోండీబా కూడా చేతులు జోడించాడు. "మంచిది, సాహెబ్" అన్నాడు. కోతగాళ్ళు మంట ఆపి అతని వైపు చూశారు. అతను ఒక మనిషిని మావులీ అనకుండా సాగనంపడం వాళ్ళెప్పుడూ వినలేదు.

మొదటి బండి అనుకున్నదానికన్నా తొందరగా వచ్చింది. నారాయణగావ్ దగ్గర కల్వర్టుకి గుద్దుకున్న నీలం బండి. నడిపింది ఒక బడి పంతులమ్మ. బెల్టు బయటికి వేలాడుతోంది. ధోండీబా దాన్ని ముట్టుకోకముందే హౌసాబాయి వకీలుని పిలిచింది. శేవంతా పంతులమ్మ ఇంటికి తనే వెళ్ళి, ఆమె భర్తని వెంటబెట్టుకొచ్చింది. ఆయన పొడుగాటి, మాటలేని మనిషి. తన భార్య బెల్టు పెట్టుకోలేదని ఆయనకీ చెప్పారట. ఆయన నమ్మాడట. అదే చెప్పి, బండి తలుపు పట్టుకున్నాడు. ఫోటోలు తీస్తుండగా ధోండీబా తివాచీ ఎత్తాడు. రేకు పైకి లేచి ఉంది. బెల్టు లాగితే బోల్టు దానివెంటే వచ్చింది.

ఏకాదశి దాకా ఆగుదామని హౌసాబాయి సబ్నిస్‌తో ఒక మాట అని చూసింది. మంచిపనికి ముహూర్తమేమిటని అతను రెండో రోజుకే ఏర్పాట్లు చేశాడు. దానికి ముందు రోజు సాయంత్రం ధోండీబా ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. షెడ్డు బండి నుంచి కోసిన బెల్టు అతని చేతిలో ఉంది.

"నదికి అబద్ధం చెప్పినట్టవుతుందేమో అక్కా" అన్నాడు.

"నది లెక్క నది చూసుకుంటుంది" అంది హౌసాబాయి. "మన లెక్క మనం చూసుకుందాం."

అతను ఆ బెల్టుని శుభ్రమైన తెల్లగుడ్డలో, ఎప్పుడూ చుట్టే పద్ధతిలోనే, ఎప్పటికన్నా జాగ్రత్తగా చుట్టాడు.

ఆళందీ ఘాట్ మీద సబ్నిస్ తెల్ల కుర్తాలో వచ్చాడు. పంతులు మంత్రాలు చదివాడు. బంతిపూల దండ వేసిన మూటని ఫోటోగ్రాఫరు అటునుంచీ ఇటునుంచీ తీశాడు. మూట పక్కన సబ్నిస్‌ని నిలబెట్టి తీశాడు. హౌసాబాయి మెట్టు మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటూ లోపల లెక్క వేసుకుంది. ఈ పాటికి శేవంతా, పంతులమ్మ భర్త, వకీలు పుణేలో జడ్జి బల్ల ముందు ఉంటారు. బల్ల మీద బోల్టుతో ఉన్న నీలం బండి బెల్టు, కన్నమున్న నేలముక్క, పలకున్న నేలముక్క, మడత పెట్టిన తెల్ల చొక్కాలు. రేపటినుంచి గుద్దుడు షెడ్డు బండి ఒక్కటీ తన గేటు తొక్కదు. ఫ్యాక్టరీ తలుపులు రావు. కోతగాళ్ళలో ఇద్దర్ని పంపేయాల్సి వస్తుంది. అంతా తెలిసే చేసిన బేరం. నష్టాన్ని ఇంత ఇష్టంగా ఎప్పుడూ కొనలేదామె.

ధోండీబా నడుంలోతు నీళ్ళలోకి దిగి మూట వదిలాడు. సబ్నిస్ కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

కళ్ళు తెరిచేసరికి మూట అక్కడే ఉంది. ప్రవాహం లేని నురుగులో కొంచెం కొంచెంగా తిరుగుతోంది. గుడ్డ ముడి వదులై, బెల్టు ఒక మడత బయటికొచ్చి నీళ్ళ మీద పరుచుకుంది. దాని మీద నీలం రంగు మచ్చ ఉంది.

"ఇదేంటి, మునగట్లేదు?" అన్నాడు సబ్నిస్. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. "మొన్నటిది వదలగానే మునిగిందన్నావు కదా."

ధోండీబా నీళ్ళలోనే అతనివైపు తిరిగాడు.

"అది మనిషిది సాహెబ్. బోల్టుతో ఊడొచ్చింది, బరువుకి మునిగింది" అన్నాడు. "ఇది బొమ్మది. దీని బోల్టు ఊడలేదు."

సబ్నిస్ జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. బొమ్మ బెల్టు నురుగులో ఇంకోచుట్టు తిరిగి, మెట్ల వైపుకి, అతని కాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చింది.